పుల్ల కట్టిన సింహం

మా ప్లేస్కూలు ఆయమ్మ మొన్న సోమవారం పొద్దున్నే పోయింది. నాలుగు రోజులు జ్వరంతో ఉందని, తెల్లవారుజామున నిద్రలోనే ప్రాణం పోయిందని ఆమె కోడలు ఫోన్లో చెప్పింది. ఫోన్ పెట్టేసి తరగతిలోకి వెళ్లాను. పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాను.

అమీర్‌పేటలో వీధికి పది కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లున్న రోజుల్లో నేను గుంటూరు నుంచి కోర్సు కోసం వచ్చాను. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్. మూడు ఇంటర్వ్యూలు పోయాక గదిలో ఖాళీగా కూర్చోలేక, పక్క వీధి ప్లేస్కూల్లో పొద్దుటిపూట టీచరుగా చేరాను. పిల్లల అమ్మానాన్నలు ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఆఫీసుల వాళ్లు. ఆయమ్మది సిరిసిల్ల వైపు. మగ్గం ఆగిపోయాక భర్తతో నగరానికొచ్చింది. ఆయన పంజాగుట్టలో టైలరు.

ఆ ఏడు దసరా సెలవుల ముందు పిల్లలతో మాస్కులు చేయించి, తల్లిదండ్రులను పిలుద్దామన్నారు స్కూలు నడిపే మా మేడం. నేను రెండు రోజులు కూర్చుని సింహాలూ చిలకలూ గీసి, కత్తిరించి, పిల్లలు వంకరగా అంటించిన చమ్కీలన్నీ పీకి మళ్లీ అతికించాను. ఆయమ్మ భర్త కొట్టు నుంచి జరీ ముక్కలు, పాత గుండీలు సంచిలో వేసుకొచ్చింది. నా మాస్కులను ఒక్కొక్కటే తిప్పి చూసి, "మస్తు సక్కగున్నయ్ టీచరమ్మా. గని పిల్లలు ఏం జేసిన్రు?" అంది.

నాకు కోపం వచ్చింది. మర్నాడు మాత్రం కొత్త అట్టలు తెచ్చి పిల్లల ముందు పెట్టాను. ఒకడి సింహానికి మూడు కళ్లు వచ్చాయి. ఒకమ్మాయి చిలకకి మీసాలు పెట్టింది. ఆయమ్మ ఏదీ సరిదిద్దలేదు. కళ్ల దగ్గర బెజ్జాలు మాత్రం తనే పెద్దగా కత్తిరించింది, దారి కనబడక పిల్లలు పడతారని.

అందరూ మాస్కులు పెట్టుకోగానే నాలుగేళ్ల పాప ఒకతె కెవ్వుమని టేబుల్ కిందికి దూరింది. పక్కనున్న నేస్తాలందరికీ ఒక్కసారిగా మొహాలు మారిపోయాయి మరి. వాళ్లమ్మకి ఫోన్ చేసి తీసుకెళ్లమందామన్నాను. ఆయమ్మ వద్దని, మోకాళ్లు నొప్పి పెడుతున్నా టేబుల్ పక్కన నేల మీద చతికిలబడింది. ఒక సింహం మాస్కు ఒళ్లో పెట్టుకుని, జూలుకి జరీ అతికించమని పాపని అడిగింది. చాలాసేపటికి ఓ చిన్న చెయ్యి బయటికొచ్చింది. జూలు పూర్తయ్యాక ఆయమ్మ మాస్కు మొహానికి పెట్టుకుని, వెంటనే తీసేసింది. "సూడు బిడ్డా, తీస్తె నేనే, పెడితె సుత నేనే." పాప మాస్కు లాక్కుని ఆమె మొహానికి తనే పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చివరికి నవ్వింది.

ఆ మాస్కుకి నేను ఎలాస్టిక్ కట్టబోతుంటే ఆయమ్మ నన్ను ఆపి, కింద ఒక పుల్ల కట్టింది. "చేతుల పట్టుకుంటది. భయమైతే దించుకుంటది."

తల్లిదండ్రులొచ్చే రోజుకి పిల్లలందరూ మాకూ పుల్లలే కావాలన్నారు. పాప వాళ్లమ్మ మెడలో ఆఫీసు కార్డుతోనే పరుగున వచ్చింది. సింహం ఆమెకి ఎదురెళ్లి గర్జించి, మరుక్షణం మాస్కు దించి, "నేనే" అంది. ఆ తల్లి గుమ్మంలోనే కూర్చుని కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది.

తర్వాత నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలు చేశాను. మనసు నిలవక మానేసి, ఇంట్లో చెప్పకుండా ఓ ఉదయం స్కూలు గేటు దగ్గర నిలబడ్డాను. ఆయమ్మ గేటు తీసింది. "లోపలికి రా బిడ్డా. ఇయ్యాల పోరగాండ్లు మస్తు ఏడుస్తున్నరు" అంది. మా నాన్న కోపం తగ్గడానికి ఏడాది పట్టింది. ఇప్పుడా స్కూలు చూసుకుంటున్నది నేనే.

పని మానేశాక కూడా ఆయమ్మ ఏటా దసరా ముందు ఒకరోజు వచ్చి పిల్లల మధ్య కూర్చునేది. పోయినసారి వచ్చినప్పుడు సాయంత్రం అమీర్‌పేటలో బస్సెక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. నెరిసిన జుట్టులో పిల్లలెవరో అంటించిన నాలుగు చమ్కీలు ఎండకి మెరుస్తున్నాయి. చెబుదామనుకుని ఊరుకున్నాను. అలాగే మెరుస్తూ ఆమె పంజాగుట్ట వైపు వెళ్లిపోయింది.