అక్షరాలకు అభిషేకం

నా చిన్నప్పుడు తిరుత్తణి కొండ కింద మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే, మా తాతయ్య, నేను. అమ్మ పోయాక ఆయనే నన్ను తెచ్చుకున్నాడు. ఆయన అచ్చు వేయడానికి కట్టెలో తెలుగు అక్షరాలు చెక్కేవాడు. నోటీసుల్లో పెద్దగా పడాల్సినవి సీసంతో పోస్తే బరువని కట్టెతోనే చేసేవారు. మా వీధుల్లో అలాంటి తెలుగు అక్షరాల పెట్టె ఇంకెవరికీ లేదు.

ఒక ఏడు కొండమీది మురుగన్ పండగ ఆడికృత్తికకు చిత్తూరు వైపు నుంచి కావళ్లు మోసుకొచ్చేవారి కోసం భజన నోటీసు వేయాల్సి వచ్చింది. మర్నాడే అక్షరాలు ప్రెస్సుకు పంపాలి. తాతయ్య పారాయణానికి వెళ్లాడు. అక్షరం సరస్వతి అని రోజూ ఆయన నోట వినేదాన్ని. ఆ తల్లి ఒంటినిండా సిరా పేరుకుని ఉంటే చూడలేకపోయాను. పెట్టె దించి, అన్నిటినీ గంగాళంలో నానబెట్టి, అభిషేకం చేసి, పసుపు రాసి ఎండలో పెట్టాను.

ఆయన వచ్చేసరికి కట్టె ఉబ్బి వంకరపోయింది. 'శ్రీ' నిలువునా చీలింది. ఇక నన్ను పెదనాన్న ఇంటికి పంపేస్తాడనుకున్నాను.

"ఏం పాపా, మురుగనికి చేసినట్టే చేసినావే!" అన్నాడు. చీలిన అక్షరాన్ని ఒళ్లో పెట్టుకుని పసుపు తుడిచాడు. "కట్టెకు నీళ్లు పడవు. దానికేం కావాలో అడక్కుండా నీకిష్టమైంది పోసినావు."

"నన్ను పంపేస్తావా తాతా?"

"నువ్వు పోతే వీటిని ఎవురు తుడిచేది? పో, పొడిగుడ్డ ఎత్తుకోని రా."

వంకరవాటి అడుగున అట్టముక్కలు పెట్టి ఎత్తు సరిచేశాడు. పొద్దు వాలేదాకా కూర్చుని కొత్త 'శ్రీ' చెక్కాడు. నోటీసు వేళకు అచ్చయింది.

తర్వాత ప్రెస్సులు మారిపోయాయి. ఆయన పని ఆయనతోనే పోయింది. చీలిన 'శ్రీ' ఇప్పుడు నా పూజగదిలో ఉంది. ఇంట్లో దాన్ని చదవగలిగేది నేనొక్కదాన్నే. మనవరాలికి తమిళమే వచ్చు. మొన్న ఆ పిల్ల దానిమీద తీర్థం చల్లబోతే చెయ్యి పట్టుకుని ఆపి, పొడిగుడ్డ ఇచ్చాను.

భజనలో స్వామిని ఏదైనా కోరబోయినప్పుడల్లా ఆగుతాను, ఆయనకేం కావాలో అడిగానా అని. తాతయ్యను మాత్రం ఏనాడూ అడగలేదు. తుడవడం నేర్చుకున్నాను, చెక్కడం నేర్పమనలేదు. ఆయనకు కావలసింది, పక్కన కూర్చుని ఉలి పట్టే ఒక చెయ్యేమో.