మామ్మ కొట్టిన గచ్చు

మొన్న ఏలూరులో మా మనవరాలి ఇంటి ముందున్న గచ్చులోకి వాననీళ్ళు దిగకుండా మందు పూయడానికి ఒకతను డబ్బా పట్టుకొచ్చాడు. పూసి, ఆరనిచ్చి, చెంబుడు నీళ్ళు పోసి, అవి జారిపోతుంటే "ఇంక చుక్క దిగదండీ మామ్మగారూ" అని మురిసిపోయాడు. మరి లోపలున్న చెమ్మ ఏ దారిన బయటికొస్తుంది నాయనా అని అడిగాను. అతను నవ్వేసి డబ్బాకి మూత పెట్టాడు. ముసలిదాని చాదస్తం అనుకుని ఉంటాడు, అనుకోనీ. ఆ ప్రశ్న నాది కాదు, మా మామ్మది, అంటే మా నాన్నని కన్నతల్లిది. ఆవిడ అడిగి అరవై ఏళ్ళు దాటింది.

ఆ రోజుల్లో మేము కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డు పల్లెలో ఉండేవాళ్ళం. నాన్న మిషన్ బడిలో మాస్టారు. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది మామ్మ రెక్కలే. గణపవరం దాకా ఎన్ని లోగిళ్ళలో గచ్చులు కొట్టిందో ఆవిడకే గుర్తుండేది కాదు. నాన్నకి ఉద్యోగం వచ్చిన ఏడాది మా ఇంటి ముందు కూడా, శనివారం ప్రార్థనకి పదిమంది కూర్చునేటట్టు, తనే ఒక గచ్చు కొట్టింది. కొల్లేటి నత్తగుల్లలు కాల్చిన సున్నం గానుగలో నూరించి, బెల్లం నీళ్ళూ కరక్కాయలు నానబెట్టిన నీళ్ళూ చిలకరిస్తూ, మరో ముగ్గురు ఆడవాళ్ళతో వరసగా గొంతుక్కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొడితే అది అద్దంలా తేలిందట. మా కాలం వాళ్ళకి ఆ చెక్కల చప్పుడు గుర్తుండే ఉంటుంది. ఏటా మృగశిర కార్తె రాకముందే మామ్మ దాని మీద సున్నపుతేట పోసి, సన్న పగుళ్ళని వేలితో మెత్తి, తాటాకులు కప్పి, మమ్మల్ని అటు తొక్కనిచ్చేది కాదు. ఎన్ని వానలు కురిసినా అది చెక్కుచెదరలేదు.

నాన్నకి మాత్రం అది కంట్లో నలుసు. మాస్టారి తల్లి వీధిలో కూర్చుని సున్నం మెత్తుతుంటే సంఘపెద్దలు చూస్తారని ఆయన బాధ. క్రిస్మస్‌కి మిషన్ దొరగారు మా ఇంటికి ప్రార్థనకొస్తారని తెలియగానే, వానలు పట్టకముందే ఏలూరు నుంచి పడవ మీద సిమెంటు బస్తాలు దింపించి, పాత గచ్చు మీదే పూత వేయిస్తానన్నారు.

మామ్మ బతిమాలింది. "సున్నం నీళ్ళు తాగుద్ది, ఎండకి మళ్ళీ వదిలేసుద్దిరా అబ్బాయ్. దాని నోరు మూసేస్తే లోపల చెమ్మ ఏ దారిన బయటికొస్తది? గోడ వారనైనా జానెడు వదిలెయ్."

"నువ్వింక ఆ చెక్క పట్టుకోకమ్మా, నా పరువు పోతోంది," అన్నారు నాన్న. జానెడు కాదు, బెత్తెడు కూడా వదల్లేదు.

వానాకాలం గడిచేసరికి గోడ వార నుంచి దిగిన నీళ్ళు దిగినట్టే ఉండిపోయి, పైపూత అప్పడంలా ఉబ్బింది. మామ్మ వేలి కణుపులతో తట్టి, ఆ డొల్ల చప్పుడు నాకు వినిపించి, లోపల గచ్చు నానిపోతోందే అమ్మాయ్ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దొరగారు రావడానికి వారం ముందు పెచ్చులు లేచిపోయాయి. ఉత్త సిమెంటు లేచినా బాగుండేది, ఒక్కో పెచ్చూ కింద మామ్మ గచ్చుని కరుచుకుని మరీ లేచింది.

సంఘపెద్దలు చూడ్డానికొచ్చారు. ఇంత కొత్త పని ఇలా అయిందేమిటండీ మాస్టారూ అని అడిగారు. నాన్న, గుమ్మంలో తల్లి నిలబడి ఉండగా, నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, "అడుగున పాత పని బాగోలేదండీ, సున్నం సరిగా కొట్టలేదు," అన్నారు.

మామ్మ ఎందుకు కాదంటుంది, కొడుకు పరువు కాపాడ్డానికే కదా అంతకాలం నడుం విరుచుకుంది! అమ్మ తల దించుకుంది. నాకప్పుడు పన్నెండేళ్ళు, జరిగిందంతా నాకు తెలుసు. ఆ పెచ్చు తిరగేసి చూడండీ, అద్దంలాంటి గచ్చు ఇంకా మెరుస్తోందీ అని ఒక్క ముక్క అంటే చాలు. నాన్నంటే భయం, అనలేదు. భయమే కాదు, నిజం చెప్పొద్దూ, మా మామ్మ కూలికెళ్ళేదని ఆ పెద్దల ముందు చెప్పుకోవడానికి నాకూ సిగ్గేసింది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు పొద్దున మామ్మ అటక మీద నుంచి తన చెక్క దింపింది. పిడి దగ్గర ఆవిడ చేతివేళ్ళు అరగదీసిన పల్లాలుండేవి. దాన్ని పొయ్యిలో పెట్టి ఆ పూట అన్నం వండింది. నాన్న తిని బడికి వెళ్ళారు. ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఆవిడ గచ్చు మాట ఎత్తలేదు.

ఇప్పుడు అన్నిటికీ డబ్బాలొచ్చాయి. పూసినవాడు సాయంత్రానికి వెళ్ళిపోతాడు, ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో ఎవరికీ అక్కర్లేదు. ఒకందుకు అదే నయమేమో, ఆ పని బాగోలేదన్నా గుమ్మంలో నిలబడి వినేవాళ్ళుండరు. మందు పూసినతను వెళ్ళాక నేను వంగి ఆ గచ్చుని వేలి కణుపుతో తట్టి చూశాను. గట్టిగానే ఉంది. నాకు మాత్రం మామ్మ చెక్క కాల్చి వండిన ఆ పూట అన్నమే గుర్తొచ్చింది. నేనూ తిన్నాను, రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాను.