సరళ ఆంటీ సరస్సుకు నా వేళ్ళు

శనివారం పొద్దున్నే లేవడమంటే నాకు ప్రాణసంకటం. అలాంటిది ఆరున్నరకల్లా ప్లేనో ఊరు దాటి హైవే 75 మీద ఉత్తరానికి డ్రైవ్ చేస్తున్నానంటే కారణం సరళ ఆంటీ. రిటైరైన కెమిస్ట్, మా వీధిలో అందరికీ ఆంటీయే. ఆరేళ్ళుగా ఒక చిన్న సరస్సుకు వాలంటీర్‌గా కాపలా కాస్తున్నారు. గురువారం ఫోన్ చేసి, "శ్రావణీ, శనివారం ఫ్రీయేనా? నాకు నీ వేళ్ళు కావాలి" అన్నారు. అదేమిటో అర్థం కాలేదు గానీ, రవ్వలడ్డూలు చేస్తానన్న మాట మాత్రం చక్కగా అర్థమై ఒప్పేసుకున్నాను.

దారిలో పక్క సీట్లో కూర్చుని ఆంటీ సంగతి చెప్పారు. జీబ్రా మస్సెల్ అని వేలిగోరంత ఆల్చిప్ప ఉందట. ఇక్కడి జీవి కాదు, ఎక్కడి నుంచో వచ్చిపడింది. బోట్ల అడుగున మిగిలిన నీళ్ళలో ఒక సరస్సు నుంచి ఇంకోదానికి చేరి, పైపులు పూడ్చేస్తుంది, చేపల తిండి లాగేసుకుంటుంది. ఒకసారి పాతుకుపోయిందంటే వదిలించుకోవడం మన తరం కాదు. అందుకే బోట్లు కట్టే చెక్కవంతెన కింద తాడుకు ప్లాస్టిక్ పలకలు వేలాడదీసి, నెలకోసారి పైకి లాగి, వాటికేమైనా అంటుకున్నాయేమో చూస్తారు. పిల్ల ఆల్చిప్పలు కంటికి ఆనవు, తడిమితేనే తెలుస్తాయి.

"నున్నగా జారితే బతికిపోయినట్టు. రవ్వలా గరగరలాడితే లేక్ అయిపోయినట్టే" అన్నారు ఆంటీ.

"మరి మీరే చూడొచ్చు కదా?"

"షుగర్ నా వేళ్ళని తినేసింది తల్లీ. పోయిన నెల పలక పట్టుకుంటే ఏమీ తెలియలేదు. లెన్స్‌తో చూసి, లేవు అని రాసేశాను. రాశానే గానీ, ఆ రోజు నుంచీ మనసు మనసులో లేదు."

ఎనిమిదింటికి చేరాం. ఎంట్రీ మనిషికి ఐదు డాలర్లు. గేటు దగ్గరున్న పెద్దాయన ఆంటీని గుర్తుపట్టి, "హౌ ఈజ్ అవర్ లేక్, మ్యామ్?" అనడిగారు. "స్టిల్ అవర్స్" అన్నారు ఆంటీ, కానీ గొంతులో ధీమా లేదు.

పని అయ్యాకే లడ్డూలని ముందే హుకుం జారీ చేశారు. ఆవిడ కాగితాలు తీసుకుని ముందు నడిచారు. బకెట్ తెస్తానని వెనకబడిన నేను లడ్డూల డబ్బా మూత తీశాను. ఒక్కటే. తర్వాత పరుగున వెళ్ళి తాడు లాగాను. ఆకుపచ్చ పాచి పట్టిన పలక వచ్చింది. వేలు పెట్టాను. గరగరలాడింది.

"ఆంటీ... గరుగ్గా ఉంది."

ఆవిడ చెక్కల మీద అలాగే కూలబడ్డారు. "పోయిన నెల నేనే మిస్ చేశాను. నా చేతులారా చేశాను" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడే లేచి లెన్స్ తీసి, నా వేలు దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశారు. తర్వాత వాసన చూశారు. నేతి వాసన.

"శ్రావణీ, నా డబ్బా తెరిచావా?"

"ఒక్కటే ఆంటీ."

"దొంగమొహమా! ప్రాణం పోయిందే నాకు!"

తాగే నీళ్ళతో నా చెయ్యి రుద్ది రుద్ది కడిగి, చున్నీతో తుడిచారు. ఈసారి కళ్ళు మూసుకుని పలకలన్నీ రెండు వైపులా తడిమాను. నున్నగా ఉన్నాయి. "మళ్ళీ చూడు" అన్నారు. మళ్ళీ చూశాను. నున్నగానే ఉన్నాయి. ఆంటీ నా వేళ్ళు కళ్ళకద్దుకుని, కాగితంలో పరిశీలించినవారి పేరు దగ్గర నా పేరు రాశారు. ఆరేళ్ళలో అక్కడ ఇంకో పేరు పడటం అదే మొదటిసారి.

తిరిగొస్తుంటే గేటు పెద్దాయన మళ్ళీ అదే అడిగారు. ఆంటీ నావైపు చూశారు. "స్టిల్ అవర్స్" అన్నాను.

ఆ సరస్సులో చూడటానికి గొప్ప అందమేమీ లేదు. బురదనీళ్ళు, నాలుగు బాతులు. అయినా ఇంటికొచ్చేదాకా దాని మీదే ధ్యాస. ప్రతి నెలా మొదటి శనివారం ఇక నాదే. మీరు ఏ సరస్సుకైనా బోటు తీసుకెళ్తే, బయల్దేరే ముందు నీళ్ళన్నీ వంపేసి, బోటుని బాగా ఆరబెట్టండి. ఆ నీళ్ళు మీకు చుక్కే కావచ్చు, కానీ అక్కడ ఎవరో ఒక ఆంటీ నిద్రపోకుండా కాపలా కాస్తూ ఉంటారు.