ఈ పొద్దు ఏం తింటివి పాపా?

ఇవాళ్టికీ నా కుడిచెవి వినిపిస్తున్నదంటే అది కాంపౌండరు సాయిబు చలవే. యాభైల నాటి మాట. నాకు తొమ్మిదేళ్లు. కర్నూలు కాలవలో రోజూ ఈదేదాన్ని. చెవిలో చీము పట్టి, వినికిడి పోయింది. అమ్మ కాచిన నూనె పోస్తానంటే ఆస్పత్రిలో ఆయనే ఆపాడు.

"నూనె వద్దుమ్మా, చీము ఇంకా ఎక్కువైతాది. దినామూ పాపను ఈడికి పిల్చుకొని రా."

దూదిపుల్లతో చీము తుడిచి, మందుసీసాను పిడికిట్లో పట్టుకొని వెచ్చబరిచేవాడు. చల్లటి మందు పడితే తల తిరుగుతుందట. చుక్కలు వేశాక నా వెనక నిలబడి, ఎడమచెవి మూసి, మెల్లగా ఏదో అడిగేవాడు. ఏం అడిగేవాడో నాకు తెలిసేది కాదు.

పన్నెండో రోజున వినబడింది: "ఈ పొద్దు ఏం తింటివి పాపా?"

"కొర్రన్నం" అన్నాను. అమ్మ ఏడ్చేసింది. సాయిబు ముందుకొచ్చి తన తల పక్కకు తిప్పాడు.

"ఏమంటివి? గట్టిగా చెప్పు పాపా. చిన్నప్పుడు ఏట్లో ఈది నేనూ ఒక చెవి పోగొట్టుకున్నా. నాకు మందేసేవాళ్లు లేకపోయిరి."

ఆయన మంచి చెవి దగ్గర నోరుపెట్టి అరిచాను. ఆ ఒక్కమాటే నాతో నాలుగుసార్లు చెప్పించుకొని, నాలుగుసార్లూ నవ్వాడు.