పిలిస్తేనే పాస్ ఇచ్చే సుభాని

నిన్న పొద్దున్నే సుబ్బారావు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, సుభాని పోయాడురా."

ఏ సుభాని అని అడిగాను. నాకు తెలిసిన సుభాని ఒక్కడే. అయినా అడిగాను.

నిద్రలోనే పోయాడట. మొన్న సాయంత్రం కూడా బజారుకి వెళ్ళి బాల్‌కి గాలి కొట్టించుకొచ్చాడు. ఆదివారం మ్యాచ్ కోసం.

ఆ మ్యాచ్ ఉంటుందా ఉండదా అని అందరూ అడుగుతున్నారు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు రాయడం పెద్దగా రాదు. మాట్లాడటం అంతకన్నా రాదు. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

తెలియనివాళ్ళకి చెప్పాలి. సుభాని మా ఊరి నుంచి గుంటూరుకి షేర్ ఆటో నడిపేవాడు. ఆదివారాలు మా ఫుట్‌బాల్ టీంకి కెప్టెన్. నలభై దాటినవాళ్ళ లీగ్. మాది మాత్రం అరవై దాటిన టీం.

నేను మిర్చి యార్డులో బస్తాలు కుట్టేవాణ్ణి. రోజూ సుభాని ఆటోలోనే వెళ్ళేవాణ్ణి.

"ఆపండి, దిగాలి" అని నలుగురిలో గట్టిగా అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఎవరో ఒకరు ఆపమన్నచోట దిగి, యార్డు గేటు దాకా వెనక్కి నడిచేవాణ్ణి. ఎండాకాలం కూడా.

ఎన్నాళ్ళు గమనించాడో. ఒకరోజు గేటు ముందు ఆటో దానంతటదే ఆగింది.

"మావా, నీ గేటు. దిగు."

దిగాను.

"రేపటి నుంచి నేనే ఆపుతాలే. కానీ ఎప్పటికైనా నీ నోటితో అనిపిస్తా, చూడు."

తర్వాత నాకు చూపు ఆనక ఆ పని మానేశాను. ఇంట్లో కూర్చుంటే ఊరుకోలేదు. వచ్చి గ్రౌండ్‌కి లాక్కెళ్ళాడు.

"నాకు ఆట రాదు" అన్నాను.

"నడక వచ్చుగా?"

"వచ్చు."

"చాల్లే. ఇక్కడ పరిగెత్తేవాడు ఎవడున్నాడు? సుబ్బారావుని చూడు, బాల్ కంటే పొట్ట ముందొచ్చిద్ది."

సుబ్బారావూ, కోప్పడకు. సుభాని అన్నదే రాశాను.

మా గ్రౌండ్ అంటే మిరపకాయలు ఆరబోసే కల్లం. కాయ ఎత్తేశాకే మ్యాచ్‌లు. తలతో బాల్ కొడితే ఆ పూటంతా కళ్ళు మంటే. కొత్తగా వచ్చిన టీం మొదట్లో తుమ్ముతూనే ఉండేది. "వాళ్ళు తుమ్ముతుండగానే కొట్టాలి గోలు" అనేవాడు సుభాని.

లెఫ్ట్, రైట్ అంటే మాకు తికమక. అందుకని ఊళ్ళ పేర్లు పెట్టాడు. ఒక గోల్ గుంటూరు వైపు, ఇంకోటి చిలకలూరిపేట వైపు. ఈ పక్క పొన్నూరు, ఆ పక్క నరసరావుపేట. ఆటో స్టాండులో అరిచినట్టే "పొన్నూరు పొన్నూరు పొన్నూరు!" అని కేకేస్తే మేమంతా అటు నడిచేవాళ్ళం. అవతలి టీం బిత్తరపోయి చూసేది.

ఒకటే రూలు. పిలిచినవాడికే పాస్.

నేను పిలవను. బాల్ నా దగ్గరికి రాదు. అట్లాగే ఒక సీజన్ గడిచింది. అయినా నాకు సంతోషంగానే ఉండేది.

కిందటేడు కొత్తపట్నం టీం వచ్చింది. సముద్రం మీద వలలు లాగేవాళ్ళు. ఇసకలో పరిగెత్తే కాళ్ళు. అప్పటిదాకా ఆ సీజన్‌లో మేం ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఇదే ఆఖరి మ్యాచ్. చెరొక గోల్ మీద ఉన్నాం. టైం అయిపోవచ్చింది.

నేను గుంటూరు గోల్ దగ్గర, పొన్నూరు పక్కన నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు. నన్నెవరు కాస్తారు?

బాల్ సుభాని దగ్గరుంది. నన్ను చూశాడు. పాస్ ఇవ్వలేదు. బాల్ మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

"పిలువు మావా!"

వాళ్ళవాళ్ళు ఇద్దరు మీదికి వచ్చేస్తున్నారు. వెనక నుంచి సుబ్బారావు తిట్లు.

"ఇచ్చెయ్యరా నాయనా! వాడు ఈ జన్మలో పిలవడు!"

సుభాని కదల్లేదు.

నోరు తెరిచాను. ఏమని పిలవాలో తెలియలేదు. ఎన్నో ఏళ్ళుగా లోపలున్నది బయటికి వచ్చేసింది.

"ఆపండీ! దిగాలి!"

గ్రౌండ్ మొత్తం ఆగిపోయింది. ఎవరికో ఏదో అయిందనుకుని వాళ్ళ గోల్‌కీపర్ కూడా పక్కకి చూశాడు. సుభాని ఒక్కడే ఆగలేదు. బాల్ వచ్చి నా కాలికి తగిలింది. తోశాను.

లోపలికి వెళ్ళింది.

ఇక గొడవ. "ఆపమని అరిచి గోల్ కొడతారా? ఇదెక్కడి ఆట?" రిఫరీ మా ఊరి పాత డ్రిల్లు మాస్టారు. విజిల్ నోట్లో పెట్టుకుంటారు, తీస్తారు.

సుభాని కింద కూలబడి నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ లేచి, నా ఆటో సంగతి అందరికీ చెప్పేశాడు. సిగ్గుతో చచ్చాను.

అంతా విని కొత్తపట్నం కెప్టెన్ అన్నాడు.

"ఇచ్చేయండి మాస్టారూ. పెద్దాయన ఇన్నాళ్ళకి దిగాడుగా."

గెలిచాం.

ఆ సాయంత్రం నన్ను ఆటోలో ఊరంతా తిప్పాడు. ప్రతి వీధి మొదట్లో వెనక్కి తిరిగి "అను మావా" అనేవాడు. "ఆపండి" అనేవాణ్ణి. ఆపేవాడు. మళ్ళీ ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

నిన్న ఖబరస్థాన్‌లో మట్టి వేసి తిరిగొస్తుంటే సుబ్బారావు అన్నాడు.

"ఆదివారం మ్యాచ్‌కి రావద్దని కొత్తపట్నం వాళ్ళకి ఫోన్ చేస్తాను. కేకేసేవాడు లేకుండా మనం ఎటని నడుస్తాం?"



"నేను కేకేస్తా" అన్నాను.

గట్టిగానే అన్నట్టున్నాను. ముందు నడుస్తున్నవాళ్ళు ఆగి వెనక్కి చూశారు.

ఆదివారం మ్యాచ్ ఉంది. అందరూ రండి.

సుభానీ, నా చేత అనిపించి, నువ్వు మాత్రం ఒక్క మాటైనా అనకుండా దిగిపోయావు. అన్యాయం మావా.

బాల్‌లో ఇంకా నువ్వు కొట్టించిన గాలే ఉంది.

హాయిగా పడుకో. ఆదివారం పొద్దున ఎవరైనా పొన్నూరు పొన్నూరు అని అరిస్తే లేవకు.

అది నేనే.