అంచు దాకా చదవని డిస్కు

జిరాక్సక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. కాగితానికి కాపీ కావాలన్నా, పెళ్ళి వీడియోకి కాపీ కావాలన్నా ఆమె కొట్టుకే రావాలి. కొట్టంటే మందుల షాపుకీ కుట్టుమిషన్ల రిపేరుకీ మధ్య ఇరుక్కున్న ఒక గది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి గడప మీదే. గోడకి ఆమె స్వయంగా రాసి అతికించిన అట్టముక్క ఉంది: "అసలుకీ కాపీకీ తేడా కనిపెట్టండి చూద్దాం!" ఇన్నేళ్ళలో కనిపెట్టినవాళ్ళు లేరు. ఆ మాట చెప్పుకునేటప్పుడు ఆమె మెడ కాస్త పొడుగయ్యేది.

ఆ రోజు పొద్దున్నే కొట్టు ముందు ఆక్సిజన్ వ్యాను ఆగింది. కిటికీలోంచి తల బయట పెట్టింది డ్రైవరు. ఆమె వేరెవరో కాదు, జిరాక్సక్క సొంత అన్న భార్య.

"ఏమే ఆడపడుచా, నువ్వు కాపీ తీసిచ్చిన దారి డిస్కు భలే మాట్లాడుతోందే! మీ అన్నయ్య కన్నా వెయ్యి రెట్లు నయం. ఎడమకి తిరగమని చెప్పి, తీరా తిరిగాక కుడికెందుకు తిరగలేదని అరవదు."

"మా అన్నయ్యనంటే ఊరుకోను వదినా."

"ఊరుకోక ఏం చేస్తావ్? ఇంట్లో వంట ఆయనదే కదా, కూరలో ఉప్పు కుమ్మరించమని చెప్తావా?"

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. వ్యాను వెనక సిలిండర్లు గొలుసులు కట్టించుకుని బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"ఎటు ఇవాళ?"

"క్వారీ కాలనీకి. రోజూ పోయే డ్రైవరుకి జ్వరం. ఆ కొండ వైపు నేనెప్పుడూ పోలేదు. ఫర్లేదులే, నీ డిస్కుందిగా," అని బండి కదిలించింది వదిన.

క్వారీ కాలనీలో రాళ్ళకి రంధ్రాలు వేసే పని చేసిన మనిషి ఒకడున్నాడు. బతుకంతా మిషను పట్టుకుని కొండని తొలిచాడు. కొండ పిండై అతని ఊపిరితిత్తుల్లో చేరింది. ఇప్పుడు మంచం దిగి గుమ్మం దాకా రావాలన్నా ఆక్సిజన్ గొట్టం ముక్కుకి ఉండాల్సిందే. ముక్కుకి కట్టుకోడానికి గుడ్డపీలికైనా ఇవ్వని కంపెనీ, సిగరెట్లు తాగి తెచ్చుకున్న జబ్బని చెప్పి చేతులు దులుపుకుంది. అతనికి ఆ అలవాటే లేదు. కాలనీ జనమంతా వచ్చి ఆస్పత్రి గేటు ముందు బైఠాయిస్తే గానీ ఇంటికి సిలిండరు పంపడానికి పెద్దలు ఒప్పుకోలేదు. అలాంటి ఇళ్ళు ఆ కాలనీలో ఇంకా ఉన్నాయి. ఇవాళ వ్యాను ముందుగా పోవాల్సింది అతనింటికే.

సిలిండర్లు మోసే వ్యాన్లన్నీ ఎవరో వాడి వదిలేసినవే. దారి చూపే పెట్టె డిస్కుతో నడిచే కాలం నాటివి. డిస్కు పెట్టే సందులో దుమ్ము చేరి, అసలు డిస్కులు గీతలు పడి ఒక్కొక్కటే మొండికేశాయి. కొత్తవి ఇప్పుడెవరూ తయారు చెయ్యడం లేదు. మచ్చ పడకుండా మిగిలింది ఒక్కటి. దాన్ని బీరువాలో దాచి, కాపీలు బళ్ళలో పెడదామని సిలిండర్ల డిపో ఇన్‌చార్జికి బుద్ధి పుట్టింది. పని జిరాక్సక్కకి వచ్చింది. అప్పగించింది మొదలు "అయిందా, అయిందా" అని ఆయన ఫోను మీద ఫోను. బయట దరఖాస్తుల కాపీల కోసం జనం కిటకిట. ఆమె డిస్కులు మిషన్లో పెట్టి, ఉన్నంత వేగంగా రాయమని నొక్కింది. రాశాక మళ్ళీ మొత్తం చదివి సరిచూడమనే గడిలో టిక్కు ఉంటుంది. దాన్ని తీసేసింది. ఆ ఒక్క టిక్కు తీసేస్తే సగం పని తగ్గుతుంది మరి.

వదిన వెళ్ళాక కొట్టుకి సంగీతం టీచరు వచ్చింది. రావడమే ఒంటికాలి మీద వచ్చింది.

"ఏంటిది? నువ్విచ్చిన పాటల డిస్కులో మా పిల్లలు పాడినవన్నీ ఉన్నాయి. చివర్న నేను పాడిన పాటే సగంలో ఆగిపోయింది!"

"డిస్కుకి కూడా కాస్త సంగీతం తెలుసేమో టీచర్," అంది జిరాక్సక్క. గడపలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. టీచరు నవ్వలేదు. "నాదొక్కటే కాదు. పంచిన ప్రతి డిస్కులోనూ అంతే. అందరిదీ చివరే పోయింది."

జిరాక్సక్క మొహంలో నవ్వు ఆరిపోయింది.

డిస్కు మీద రాత మధ్యలో మొదలై అంచు వైపు పోతుంది. చవక సరుకులో నాసి ఉండేది ఆ అంచులోనే. నిదానంగా రాస్తే పడుతుంది. తొందరపెడితే రాసినట్టే కనిపించి, తీరా చదవబోతే చేతులెత్తేస్తుంది. టీచరు కాపీలకి వాడిన ఖాళీ డిస్కుల కట్టలోంచే డిపో కాపీలకీ తీసింది. అదే వేగం. టిక్కు లేదు.

తన దగ్గర అట్టేపెట్టుకున్న దారి డిస్కు కాపీ తీసి మిషన్లో పెట్టింది. చదవమంది. ఆకుపచ్చ గీత చకచకా సాగింది. బజారు చదివింది. స్టేషన్ రోడ్డు చదివింది. హమ్మయ్య అనుకునేలోగా చివర్లో ఆగిపోయింది. మిషను గుర్రుగుర్రుమని అక్కడక్కడే తిరిగి, ఎర్ర అక్షరాల్లో చివరి భాగం నంబరు చూపించి ఊరుకుంది. అసలు డిస్కు అట్ట మీద ఊరిని ముక్కలు చేసి నంబర్లు వేసిన బొమ్మ ఉంటుంది. ఒకటో నంబరు నడి ఊరు. చిట్టచివరిది కొండ వైపు.

వదినకి ఫోను చేసింది. పలకదు. బండి కదిలితే ఫోను నోరు నొక్కి సొరుగులో పడేయడం వదిన పద్ధతి. ఆ పద్ధతిని నలుగురిలో మెచ్చుకున్నది కూడా తనే. డిపోకి చేసింది.

"సార్, ఆ కాపీ డిస్కులు పనికిరావు. అన్ని బళ్ళలోంచీ తీయించండి."

"అదేంటమ్మా! నేనే స్వయంగా చూశా కదా. డిపో నుంచి బ్యాంకు, బ్యాంకు నుంచి క్లబ్బు, దగ్గరుండి తిప్పించా. చిలకలా పలికింది."

"క్వారీ దాకా తిప్పించారా?"

"అంత దూరం ఎవరు పోతారమ్మా?"

"మా వదిన పోయింది సార్."

ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "కంగారు పడకు. ఎవరినో ఒకరిని అడిగి పోతుందిలే, నోరుందిగా. నువ్వు మాత్రం ఈ సంగతి బయట అనకు. నా పరువూ పోతుంది, నీకొచ్చే పనీ పోతుంది."

ఒక్క క్షణం ఆ మాట చల్లగా తగిలింది ఆమెకి. నిజమే, వదినకి నోరుంది. అడుగుతుంది, చేరుతుంది, ఎవరికీ తెలియదు. గోడ మీద అట్టముక్క అక్కడే ఉంటుంది. కానీ మూతపడ్డ క్వారీ దారిలో అడగడానికి మనిషెక్కడ దొరుకుతాడు?

"ఆ ఇంటి ఫోను నంబరివ్వండి."

"రోగుల నంబర్లు బయటికివ్వకూడదు. రూలు."

"మీ రూలు నేను తర్వాత తీరిగ్గా చదువుతాను సార్, కాపీ కూడా తీసిస్తాను. ముందు నంబరు చెప్పండి!"

కొండ అడ్డం రావడంతో ఆ కాలనీలో సెల్‌ఫోన్లు పనిచెయ్యవు. ఆ ఇంటికి వైరు ఫోనే ఉంది. మొదటి మోతకే ఎత్తారు.

"బండి వాళ్ళా? ఎక్కడున్నారమ్మా? సిలిండరు ముల్లు ఎర్ర గీతలోకి దిగిపోయింది!" ఆ జబ్బు మనిషి భార్య గొంతు.

జిరాక్సక్క గుక్క తిప్పుకోకుండా చెప్పింది. డ్రైవరు కొత్త. దారి చూపే డిస్కు చెడిపోయింది. తెర మీది బొమ్మ ఆగిపోయి ఉంటుంది.

"అయ్యో! రాళ్ళు నలగ్గొట్టే పాత క్రషర్ దగ్గర దారి మూడుగా చీలుతుందమ్మా. మా వైపు ఒకటి, లారీల యార్డుకొకటి. తిన్నగా పోతే రాళ్ళు తవ్విన గుంటలో తేలుతుంది. దానికి గట్టు కూడా లేదు."

"మీ వాళ్ళెవరైనా ఎదురెళ్ళగలరా అక్కా? చీలిక దగ్గర ఒకరు, గుంట దారిలో ఒకరు..."

"ఫోను పెట్టెయ్యకు. ఆయన చెవి దగ్గర పెట్టి పోతున్నా. మనిషి తోడున్నట్టుంటుంది." చెప్పుల చప్పుడు. ఆపైన వీధిలోంచి ఒక్క కేక: "ఏయ్, అందరూ బయటికి రండర్రా! బండి దారి తప్పింది!"

ఇక ఫోనులో మిగిలింది ఊపిరి ఒక్కటే. తడిసిన చెక్కని రంపంతో కోస్తున్నట్టు వస్తోంది. ఆగి, మళ్ళీ వస్తోంది.

"ఎవరమ్మా?" అన్నాడతను.

"జిరాక్స్ కొట్టు నుంచండీ. ఆ డిస్కు చేసింది నేనే. తొందరపడి సరిచూడలేదు. మా వదిన మీ ఇల్లు వెతుక్కుంటోంది."

"మా ఇల్లు... దొరకదులే... ఓట్లప్పుడు... తప్ప." నవ్వబోయాడు. నవ్వు దగ్గైంది, దగ్గు విడవలేదు.

"మాట్లాడకండి బాబాయ్! మీ చెవి దగ్గరున్న ఫోను మీద గోటితో తట్టండి, చాలు. నాకు వినిపిస్తుంది."

టక్.

కొట్టులో ఎవరూ కదల్లేదు. తిట్టిపోద్దామని వచ్చిన సంగీతం టీచరు తలుపు దగ్గరికేసి, బయటివాళ్ళని సద్దు చెయ్యొద్దని సైగ చేసింది.

టక్.

జిరాక్సక్క ఏదో ఒకటి చెబుతూనే ఉంది. అన్నయ్య వంట గురించి, మాడబెట్టిన గిన్నెల గురించి. ఏం చెబుతోందో ఆమెకే తెలియదు. వదిన ఇప్పుడు చీలిక దగ్గర ఉందా, దాటేసిందా? బొమ్మ చీకటైపోతే ఎవరైనా ఆగుతారు. బాణం గుర్తు 'తిన్నగా' అని చూపిస్తూ బిగుసుకుపోతే? చూపించేదాన్ని నమ్ముకుని పోతూనే ఉంటారు.

టక్. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"బాబాయ్?"

రంపం చప్పుడు సన్నబడింది.

"బాబాయ్, ఒక్కసారి తట్టండి. ఒకే ఒక్కసారి."

లేదు. ఆమె ఫోనుని చెవికి నొక్కిపట్టింది. దూరంగా ఏదో అరుపు. ఇంజను. అరుపులు దగ్గరయ్యాయి. తలుపు గోడకి కొట్టుకుంది. ఇనుము నేల మీద గరగరా ఈడ్చిన మోత, "పట్టుకో, పట్టుకో!" అని ఒక మగగొంతు, "ఆ మర ఇటు తిప్పండి!" అని వదిన గొంతు. అప్పుడు సుయ్‌మని గాలి వదిలిన శబ్దం. ఆ శబ్దం మధ్యలోంచి చాలాసేపటికి రంపం మళ్ళీ మొదలైంది. ఈసారి ఆగకుండా.

జిరాక్సక్క కాపీ మిషను మీద తల ఆనించేసింది.

"ఎవరూ, ఆడపడుచేనా?" ఫోను వదిన చేతిలోకి వచ్చింది. "బాణం తిన్నగా పొమ్మంటూనే ఉందే! పోయాను. ఓ ముసలమ్మ చీపురు తిరగేసి బండికి అడ్డం నిలబడింది. కొట్టడానికొచ్చిందేమో అనుకున్నా. దిగి చూస్తే ఆమె వెనక నేల లేదు."

"తప్పు నాది వదినా."

"తెలుసు. ఈ అక్క చెప్పింది. నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాలనుంది. ఇప్పుడు కాదు. ఇక్కడ మనిషి పడుకున్నాడు."

ఆ సాయంత్రం ఇన్‌చార్జి కొట్టుకొచ్చాడు. ఏమీ కాలేదు కదా అన్నాడు. మిగతా బళ్ళు ఊళ్ళోనే తిరుగుతాయి, ఊరంతా బాగానే కనిపిస్తోంది, ఉన్నవి ఉంచేద్దాం అన్నాడు. ఊరంటే ఏదో, ఎక్కడితో ఆగిపోతుందో ఆయనకి ఎప్పుడూ అనుమానం రాలేదు. బ్యాంకూ క్లబ్బూ కనిపిస్తే ఆయన లెక్కలో ఊరు కనిపించినట్టే.

"చివరి ఇల్లు చూపించని డిస్కు నా కొట్టు పేరు మీద తిరగదు సార్," అని ఆమె డిపోకి పోయి ప్రతి బండిలోంచీ తనే పీకింది. మంచి సరుకు తెచ్చి, అన్నింటికన్నా తక్కువ వేగం పెట్టి, టిక్కు పెట్టి మళ్ళీ రాసింది. గీత చివరిదాకా పోయేవరకూ మిషను ముందు నుంచి లేవలేదు. "ఇవాళ అక్క బ్రహ్మాండాన్ని కాపీ తీస్తోందా ఏంటి?" అని గడపలో సణిగారు. సణగనిచ్చింది.

తర్వాతి సిలిండరు పోయే రోజున వ్యాను ఎక్కి వదిన పక్కన కూర్చుంది.

"నా మీద నమ్మకం లేదా?"

"నా మీద లేదు."

పాత క్రషర్ వచ్చింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. వదిన బండి నిదానం చేసింది. చక్రం ఆగింది. మూడు దారులూ విడివిడిగా, తీరుగా పరుచుకున్నాయి. వదిన మోచేత్తో పొడిచింది. "బంగారంలా ఉందే నీ కాపీ!" కాలనీ వైపు మళ్ళించింది బండిని. కొంచెం దూరం పోగానే పెట్టె తియ్యగా పలికింది: "మీ గమ్యం చేరుకున్నారు."

ఎదురుగా తాళం వేసిన గేటు. తెర మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ ఆఫీసు పేరు. దాని అవతల ఒక్క గీత కూడా లేదు, ఉత్త ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చలోనే ఇళ్ళ కప్పులు కనిపిస్తున్నాయి, ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి.

"ఈ కాలనీ అసలు డిస్కులోనే లేదు వదినా," అంది జిరాక్సక్క.

వదిన పెట్టె గొంతు నొక్కేసి కిటికీ అద్దం దించింది. గుమ్మాల్లో ఉన్నవాళ్ళు అప్పటికే లేచి వస్తున్నారు. జిరాక్సక్క దిగి, వాళ్ళు చూపిన సందులోకి బండి ముందు నడిచింది. వెనక సిలిండర్లు గొలుసుల్లో మోగుతున్నాయి.