రెక్క మీద సుద్ద గీత

1963 జనవరి. సాగర్ డ్యాం పని జోరుగా నడుస్తున్న రోజులు. హాలియాలో బస్సులు ఆగే చోట నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. కాలువ తవ్వే కూలీల గేటు పాసులకు ఫోటోలు, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఆఖరి ఫోటోలు, ఇవే నా పని. నా గురించి నేనే చెప్పుకోవాలంటే, టచింగ్‌లో నల్లగొండ జిల్లా మొత్తంలో నన్ను మించినవాడు లేడు. టచింగ్ అంటే నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తోనో, ప్రింటు మీద కుంచెతోనో మచ్చలూ ముడతలూ కనబడకుండా చేయడం. అమ్మవారు పోసిన ముఖాలను నున్నగా చేసి ఎన్ని సంబంధాలు కుదిర్చానో నాకే తెలియదు. ఆ గర్వమే ఒక మనిషి నోటికాడి కూడు తీయబోయింది. ఆ సంగతే ఇది.

పట్నంలో ఒక విమానాల క్లబ్బు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత మిలటరీ విమానాలను పోగుచేసి మ్యూజియం పెట్టాలని వాళ్ల ఆలోచన. మ్యూజియం కట్టేలోపు ఊరూరా తీసుకెళ్లి ఎగరేసి చూపించేవాళ్లు. సాగర్ దగ్గర పెద్ద సార్ల విమానాలు దిగడానికి చదును చేసిన మట్టి మైదానం ఉంది కాబట్టి ఇక్కడికీ వచ్చారు. మ్యూజియం గోడకు ఫోటోలు కావాలని క్లబ్బు సెక్రటరీ నా స్టూడియోకు వచ్చి, గోడల మీది పెళ్లికూతుళ్లను ఒక చూపు చూశాడు.

"ఎగిరే విమానాన్ని తీయగలవా? అది కుర్చీలో కదలకుండా కూర్చోదయ్యా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "తీస్త సారూ. తీయకపోతే కెమెరా కాలువల పారేస్త" అన్నాను.

అనడమైతే అన్నాను గానీ, అప్పటికి నేను ఎగిరేదేదీ తీసి ఎరగను. ఇందులో కిటుకు ఏమిటంటే, షటర్ మరీ వేగంగా పెడితే ముందున్న పంఖా తిరగడం ఆగిపోయినట్టు పడి, విమానం దారం కట్టి వేలాడదీసినట్టు ఉంటుంది. మెల్లగా పెడితే పంఖా బాగానే వస్తుంది, విమానం అలుక్కుపోతుంది. అందుకని షటర్ మెల్లగా పెట్టి, విమానంతోపాటే కెమెరాను తిప్పుతూ నొక్కాలి. దాన్ని పానింగ్ అంటారు. నా కెమెరా పైనుంచి అద్దంలోకి చూసే రకం. అందులో కుడి ఎడమ తారుమారు. విమానం అటు పోతే అద్దంలో బొమ్మ ఇటు పోతుంది. వారం రోజులు సాగర్ రోడ్డు పక్కన నిలబడి సిమెంటు లారీల మీద సాధన చేశాను. నన్ను ఎవరో సర్కారు మనిషి అనుకుని డ్రైవర్లు లారీలు మెల్లగా నడిపేవాళ్లు. మెల్లగా పోతే నాకేం లాభం? ఉరికించమని చేత్తో సైగ చేస్తే వింతగా చూసేవాళ్లు.

ప్రదర్శన రోజు పొద్దున్నే మైదానానికి వెళ్లాను. పాత ట్రైనింగ్ విమానం నిలబెట్టి ఉంది. కిందొక రెక్కల జత, పైనొక జత, మధ్యలో కట్టెలూ తీగలూ. ముదురు ఆకుపచ్చ రంగు. దాని కింద ఒకతను తువ్వాల భుజాన వేసుకుని రెక్కను వేళ్లతో మీటుతున్నాడు. పేరు సత్తయ్య. చౌటుప్పల్ దగ్గరి పద్మశాలీల పిల్లవాడు. పిల్లవాడంటే ముప్పై ఏళ్లుంటాయి. ఇంట్లో మగ్గం ఇంకా ఆడుతోందట, ఇతను మాత్రం క్లబ్బులో రెక్కలు కుట్టే పనికి కుదిరాడు.

"రెక్కలు కుట్టుడేంది తమ్మీ?" అని అడిగాను.

"గిది బట్టనే అన్నా. ఉత్త నూలు బట్ట. లోపల కట్టె ఎముకలుంటయ్. బట్ట గుంజి కట్టి, కుట్టి, మీద మందు పూస్తం. ఎండినంక డప్పు లెక్క బిర్రుగైతది" అన్నాడు. ఆ మందును డోప్ అంటారు. మాగిన అరటిపండు వాసన కొడుతోంది.

కింది రెక్క మీద జానెడు అతుకు చూపించాడు. "గీ అతుకు నాది. కుట్లు సూడు, ఒక్కటి వంకరుంటే చెప్పు."

వంకర లేదు. తర్వాత నన్ను పై రెక్క కిందికి తీసుకెళ్లాడు. రెక్క కొసన, అడుగువైపు, సుద్దముక్కతో పళ్లెమంత గుండ్రం గీసి ఉంది.

"గాడ బట్ట చీకిపోయింది. ఏలుతోని ఒత్తితే లోపలికి పోతాంది. సెక్రటరీ సారుకు చెప్పిన. ఇయ్యాల ఎగరనీ, మళ్ల సూద్దాం అన్నడు. అయినా గీసి పెట్టిన. కండ్లున్నోళ్లు సూస్తరు గదా."

ఎండ ఏటవాలుగా పడుతోంది. కుట్లన్నీ ఉబ్బి కనబడుతున్నాయి. అంత మంచి వెలుతురు మళ్లీ దొరకదని, కింద కూర్చుని, సత్తయ్యను అతుకు మీద చెయ్యి పెట్టి నిలబడమని, రెండు రెక్కలూ వచ్చేటట్టు ఒక ఫోటో తీశాను. అంతలో సెక్రటరీ వచ్చాడు. సుద్ద గీత చూసి, "అతిథులు వస్తున్నారు, ముందు అది తుడువు" అన్నాడు. సత్తయ్య తువ్వాలతో తుడిచేశాడు.

పదింటికి జనం మైదానం పక్క మట్టి కట్టల మీద నిండిపోయారు. విమానం లేచింది. రెండు చుట్లు బాగా తిరిగింది. మూడో చుట్టు జనం తలల మీదుగా కిందికి వచ్చింది. అద్దంలో దాన్ని పట్టుకుని తిప్పుతుంటే పై రెక్క కొసన ఏదో పేలికలా ఆడింది. వేలు నొక్కేసింది. మరో నిమిషానికి విమానం ఒక పక్కకు వంగి, మైదానం దాటి పల్లిచేన్లో దిగింది. చక్రాలు దిగబడి ముందుకు తిరగబడింది. పైలట్‌కు చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. ఆయన్ని బయటికి లాగే హడావిడిలో మిగిలిన బట్టంతా పీలికలైంది. ఏది ముందు చిరిగిందో ఇక ఎవరూ చెప్పలేరు.

సెక్రటరీ మాత్రం అక్కడే చెప్పేశాడు. "అతుకు ఊడింది. మగ్గం వేసేవాణ్ని తెచ్చి రెక్కల మీద పెట్టాం చూడు, మాకు బుద్ధి లేదు." సత్తయ్యను పనికి రావొద్దన్నారు. విచారణలో తప్పు రుజువైతే పని పోవడమే కాదు, పోలీసు కేసు కూడా పెడతారని చెప్పారు.

నాలుగు రోజులకు అతను నా స్టూడియోకు వచ్చాడు. "అన్నా, పొద్దుగాల్ల తీసిన ఫోటో సూపియ్యి. గీత ఉంటది గదా."

అప్పటికే ప్రింట్లు కడిగి ఒక సెట్టు క్లబ్బుకు పంపాను. నా దగ్గరున్న సెట్టు తీసి గర్వంగానే ఇచ్చాను. చాలాసేపు చూశాడు. వెలుతురు వైపు తిప్పి మళ్లీ చూశాడు.

"గీతేది అన్నా?"

తెల్లటి గీత రెక్కకు మచ్చలా ఉందని కుంచెతో సిరా పెట్టి కలిపేశాను. ఆలోచించి చేసింది కాదు. ఇరవై ఏళ్ల అలవాటు, మచ్చ కనబడితే చెయ్యి దానంతట అదే పోతుంది.

"తుడిచిన తమ్మీ. మచ్చ అనుకున్న."

అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రెక్క మీద సారు తుడిపిచ్చిండు. ఫోటోల నువ్వు తుడిచినవ్. మరి నేను గీసింది ఏడున్నట్టు?" అన్నాడు.

నెగటివ్ ఉంది. నెగటివ్‌లో తెలుపు నలుపుగా పడుతుంది. నల్లటి గీతను పెన్సిల్‌తో పోగొట్టలేం, కత్తితో గీకాలి. ఫిలిం పాడవుతుందని గీకకుండా ప్రింటు మీదే సరిచేశాను. డబ్బా తెరిచి నెగటివ్‌ను కిటికీ వెలుగుకు పెట్టి చూపించాను. గుండ్రం అలాగే ఉంది. సత్తయ్య ఆ గుండ్రం చుట్టూ గాలిలో వేలు తిప్పి చూసుకున్నాడు.

మర్నాడే సెక్రటరీ జీపులో దిగాడు. "నెగటివ్‌లు ఇచ్చెయ్. అవి క్లబ్బువి."

"ఫోటోలు మీయి సారూ. నెగటివ్ తీసినోంది. మా ధందాల రివాజు గది."

"గేటు పాసుల పని నీకు ఎవరి మాటతో వస్తోందో తెలుసా? డ్యాం ఆఫీసులో నేను ఒక్క మాట చెబితే చాలు."

"తెల్సు సారూ. చెప్పుకోండ్రి. జీపు దాక నేనే సాగనంపుత" అన్నాను. సాగనంపాను కూడా. తిరిగి వచ్చి నెగటివ్‌ల డబ్బాకు తాళం వేశాను.

విచారణ సాగర్ బంగళాలో జరిగింది. విచారించేది ఒక రిటైరైన మిలటరీ ఆఫీసరు, తెల్ల మీసాల పెద్దాయన. ముందు విమానం ఎగిరే ఫోటో చేతికి తీసుకున్నారు. సెక్రటరీ లేచి, "ఇది చెయ్యి వణికి తీసిందండీ. చూడండి, జనం, కట్టలు, అంతా అలుక్కుపోయింది" అన్నాడు.

"కట్టలు ఊగినయ్ సారూ, విమానం ఊగలే. రెక్కల నడుమ తీగలు లెక్కవెట్టుకోండ్రి" అన్నాను.

ఆఫీసరు భూతద్దం పెట్టి ఒక్కొక్క తీగా లెక్కపెట్టారు. పై రెక్క కొసన లేచిన పేలిక కనబడింది. కింది రెక్క మీద సత్తయ్య అతుకు చెక్కుచెదరలేదు. అప్పుడు సెక్రటరీ మాట మార్చాడు. పై బట్ట చీకిందని ఎవరూ తనతో చెప్పలేదన్నాడు.

నేను ప్రదర్శన రోజు పొద్దున తీసిన నెగటివ్ ఇచ్చాను. ఆఫీసరు దాన్నీ ప్రింటునూ పక్కపక్కన పెట్టి, "దీంట్ల గీత ఉంది, దాంట్ల లేదు. ఎందుకు?" అని అడిగారు.

"ప్రింటు మీద నేనే తుడిచిన సారూ. తప్పు నాది."

సెక్రటరీ నవ్వాడు. "చెరిపేవాడికి గీయడం రాదా అండీ?"

ఆ మాట సూటిగా తగిలింది, ఎందుకంటే అది నిజం. గీయడం నాకు వచ్చు. గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు. గోడకు ఆనుకుని నిలబడ్డ సత్తయ్య మాత్రం నేల చూస్తున్నాడు.

నా సంచిలో ఒక పెళ్లికూతురి నెగటివ్ ఉంది, నేను టచింగ్ చేసిందే. అది ఆఫీసరు ముందు పెట్టి తడి దూది తెప్పించమన్నాను. "మనిషి గీసింది పైపైన ఉంటది సారూ. రుద్దితే పోతది. వెలుతురు గీసింది లోపల ఉంటది. మీ చేత్తోనే రుద్దండ్రి."

పెళ్లికూతురి నెగటివ్ మీద రుద్దారు. నా పెన్సిల్ పనంతా దూదికి అంటింది. తర్వాత రెక్క నెగటివ్ తీసుకున్నారు. "ఇది పాడైతే?"

"పాడైతే నేను అబద్ధాలోన్నని రాసుకోండ్రి."

ఒకసారి రుద్దారు, రెండుసార్లు రుద్దారు. దూది తెల్లగానే ఉంది. గీత అక్కడే ఉంది.

ఆఫీసరు సత్తయ్యను దగ్గరికి పిలిచారు. "గీసింది నువ్వేనా?"

"నేనే సారూ. తుడిచింది గూడ నేనే. తుడువుమంటే తుడిచిన. గదొక్కటే నా తప్పు" అన్నాడు.

సత్తయ్య పని నిలబడింది. కొత్త బట్ట కుట్టే పని కూడా అతనికే ఇచ్చారు. నా గేటు పాసుల పని మాత్రం నెల తిరగకుండా ఇంకొకరికి పోయింది. పోతే పోయింది, నేను ఎవరినీ బతిమాలలేదు. టచింగ్ కూడా మానలేదు. కాకపోతే ఆ తర్వాత ఏ ఫోటోలోనైనా గుర్తు కనబడితే, అది ఎవరు పెట్టిందో, ఎందుకు పెట్టిందో అడగకుండా కుంచె ముట్టలేదు. నా కంటికి మచ్చ అయినంత మాత్రాన అది మచ్చ కాదని ఆ విచారణలో తెలుసుకున్నాను.

ఏడాది తర్వాత మ్యూజియం తెరుస్తున్నామని సెక్రటరీ నుంచి ఉత్తరం వచ్చింది. సత్తయ్య రెక్క దగ్గర నిలబడ్డ ఫోటో పెద్దది చేసి పంపమన్నాడు, గీత లేకుండా. నేను గీత ఉన్నదే పెద్దది చేసి పంపాను. తిరిగొచ్చింది. మళ్లీ పంపాను, ఈసారి ఫోటో వెనక ఒక ముక్క రాసి: ఆ రోజు నా కెమెరా ముందు నున్నటి రెక్క లేదు సారూ, లేనిదాన్ని నేను ఇయ్యను.